నలభై ఒకటో నంబరు ఉత్తరం

మా ఆయన ఇరవై ఎనిమిదేళ్లు నౌకాదళంలో అధికారిగా పనిచేశారు. ఆరేళ్లుగా రచయితగా పనిచేస్తున్నారు. రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, మొదటి ఉద్యోగంలో ఆయన ఇంట్లో ఉండేవారు కాదు, రెండోదాంట్లో ఉంటున్నారు, అంతే అని చెబుతాను.

పదవీ విరమణ చేసి వచ్చిన మొదటి వారం వంటగదిని తనిఖీ చేశారు. తెల్ల రుమాలు వేలికి చుట్టుకుని అలమర పైఅర మీద గీత గీశారు.

"దుమ్ము," అన్నారు.

"అంత ఎత్తు నాకు అందదు. మీకు అందుతుందిగా, తుడిచెయ్యండి," అన్నాను.

తనిఖీలు ఆ రోజుతో రద్దయ్యాయి. మర్నాడు ఒక రీము తెల్లకాగితాలు కొనుక్కొచ్చారు.

మొదటి పుస్తకం నాలుగు వందల పన్నెండు పేజీల నవల. ఓడలో నాలుగు గంటలకోసారి లాగ్‌బుక్కు రాయాలట. గాలి ఎటు వీస్తోంది, వేగమెంత, కెరటం ఎత్తెంత. అందులో 'నేను' అని రాయకూడదు, 'భయం' అని అసలే రాయకూడదు. ఆ చేత్తోనే నవలా రాశారు. తుపాను వస్తుంది, గాలి దిక్కు మారుతుంది, పదహారు మంది కొట్టుకుపోతారు, మళ్లీ గాలి దిక్కు మారుతుంది. ప్రచురణకర్త మర్యాదస్తుడు కాబట్టి అంతా అచ్చయ్యాక చెప్పాడు.

"సార్, ఇందులో నీళ్లున్నాయండీ. మనుషుల్లేరు."

మిగిలిపోయిన ప్రతులు మా మంచం కింద ఉన్నాయి. అప్పట్నుంచీ మంచం కిర్రుమనడం లేదు. సాహిత్యం వల్ల ప్రయోజనం లేదనేవాళ్లకి చూపిస్తుంటాను.

ఇక మనుషుల్ని ఎక్కడ పట్టుకురావాలా అని ఆయన నెల రోజులు నిజంగానే ఆలోచించారు. నేను ఎదురుగా కూర్చుని బీన్స్ తుంచుతూనే ఉన్నాను. ఒకరోజు గబుక్కున లేచి, అటక మీది నల్ల ట్రంకుపెట్టె దింపించారు. అందులో నా ఉత్తరాలున్నాయి. మొత్తం మూడు వందల పద్దెనిమిది.

నౌకాదళం వాళ్ల ఇళ్లలో ఉత్తరాలకి నంబర్లు వేస్తారు. ఓడ ఎప్పుడో ఒక రేవు చేరుతుంది, అక్కడ సంచిలో ఆరేడు ఉత్తరాలు ఒక్కసారే అందుతాయి. జ్వరం తగ్గిందన్న ఉత్తరం ముందు విప్పి, జ్వరం వచ్చిందన్నది తర్వాత విప్పి, మళ్లీ తిరగబెట్టిందని బెంబేలెత్తిన మొగుళ్లున్నారు. అందుకని కవరు మూల నంబరు వేసేవాళ్లం. ఆయన ఒక అడుగు ముందుకేసి రిజిస్టరు కూడా పెట్టారు. నంబరు, రాసిన తేదీ, అందిన తేదీ, జవాబు, రిమార్కులు. జవాబు గడిలో చాలాచోట్ల 'అవసరం లేదు' అని ఉంటుంది. తప్పు పట్టలేం. కర్టెన్లు ఉతికానని రాస్తే ఏమని జవాబిస్తారు?

"మన ఉత్తరాలతో పుస్తకం చేద్దామనుకుంటున్నానోయ్," అన్నారు.

మన అన్న మాట ముద్దొచ్చింది. ఆయన రాసినవి పదకొండు.

టైపు చేసింది నేనే. ముప్ఫై ఏళ్ల కిందటి నన్ను నేనే మళ్లీ కొట్టుకుంటూ పోయాను. పైకప్పు కారడం, పక్కింటి ఇంజనీరు భార్యతో పంపు దగ్గర తగువు, ఒక్కదాన్నే సినిమాకి వెళ్లి సగంలో లేచొచ్చేయడం. ఆయన ప్రతి ఉత్తరానికీ ముందు రెండు వాక్యాలు తగిలించేవారు, ఓడ ఎక్కడుందో, గాలి ఎటుందో. అట్ట మీద పేరు ఆయనది. లోపల, 'నా భార్య ఓర్పుకి' అని అంకితం. ఓర్పుకి ఇచ్చారు కాబట్టి నేను మాట్లాడకూడదు.

నలభయ్యో ఉత్తరం దాకా పని సాఫీగా సాగింది. ఆ రోజు ఆయన రిజిస్టరు చేత్తో పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమోయ్, నలభైలో డాక్టరు కాన్పు వచ్చే నెలంటోంది అని రాశావ్. నలభై రెండులో కులాసా, వర్షాలు పడుతున్నాయి అన్నావ్. మధ్యలో నలభై ఒకటి లేదు. 'రాలేదు, తపాలాలో పోయింది' అని నేనే రాసుకున్నాను. ఏముంది అందులో?"

"ముప్ఫై రెండేళ్లయింది. ఏం గుర్తుంటుంది?"

"కొంచెం గుర్తుచేసుకో. పబ్లిషరు పట్టుకున్నాడు. పుస్తకానికి గుండెకాయ అక్కడే ఉందంటున్నాడు."

"అయితే గుండెకాయ తపాలాలో పోయిందని చెప్పండి," అన్నాను.

పోలేదు. కుట్టుమిషను సొరుగులో, దారపు కండెల కింద ఉంది.

మాకు మొదట పాప పుట్టింది. నెల ముందు పుట్టింది. ముప్ఫై ఒక్క గంటలు ఉంది. ఆయన ఓడ ఎక్కడో సముద్రం మధ్యలో ఉంది. ఆ సాయంత్రం ఆసుపత్రి మంచం మీదే కూర్చుని నలభై ఒకటి రాసి, కవరు అంటించి, నంబరు వేశాను. పోస్టు చేయించమని మా పెద్దాఫీసరు గారి భార్య చేతికిచ్చాను. ఆవిణ్ణి చాటుగా అడ్మిరలమ్మ అనేవాళ్లం. మొగుడి హోదా ఆయన యూనిఫాం మీద ఉండేది, ఈవిడ హోదా ఈవిడ గొంతులో ఉండేది.

"అమ్మాయ్, పాప సంగతేనా రాసింది? ఇది పంపకూడదు," అంది. "సముద్రం మీదున్న మగాళ్లకి ఏడుపులు రాయకూడదు. అక్కడ ఏడవడానికి చోటుండదు వాళ్లకి. ఆఫీసు నుంచి కబురు వెళ్తుందిలే. నువ్వు కులాసా అని రాసెయ్."

"ఏడుపులేం రాయలేదండీ. పాపకి పేరడిగాను, అంతే."

"ఇప్పుడు పేరెందుకే పిచ్చిదానా," అని కవరు నా దిండు కింద పెట్టేసింది. చెడ్డమనిషి కాదు. వారం రోజులు మా ఇంట్లో గిన్నెలు కూడా తోమి వెళ్లింది. కవరు మాత్రం పోస్టు చేయలేదు.

ఆసుపత్రి గుమాస్తా నేను ఇంటికెళ్లే రోజుదాకా పేరు గడి ఖాళీగా ఉంచాడు. ఆ రోజు "ఏం రాయమంటారమ్మా?" అని మరోసారి అడిగి, నేను మాట్లాడకపోతే 'లేదు' అని రాసుకున్నాడు.

ఓడ నుంచి టెలిగ్రాం వచ్చింది. 'వార్త అందింది. ధైర్యంగా ఉండు. ఓడ క్షేమం.' ఐదు నెలల తర్వాత మనిషి వచ్చారు. నా తల మీద చెయ్యి వేసి కాసేపు ఉంచారు. అది అబద్ధం కాదు. తర్వాత భోజనం దగ్గర, "నలభై ఒకటి అందలేదోయ్," అన్నారు. "తపాలాలో పోయుంటుంది," అన్నాను. ఇంకొక్క మాట అడుగుతారేమోనని చూశాను. లేచి చెయ్యి కడుక్కుని రిజిస్టరులో రాసుకున్నారు. మూడేళ్లకి కొడుకు పుట్టాడు. వాడి పేరు ఓడ మీంచి టెలిగ్రాంలో వచ్చింది, ఒకే ఒక్క పదం.

ఆ కవరు ఇప్పుడు తీసిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నలభైకీ నలభై రెండుకీ మధ్య అచ్చవుతుంది. అందులో ఒక ప్రశ్న ఉంది. దానికి జవాబు నాకు కావాలి, రచయిత నుంచి కాదు. కాబట్టి సొరుగు మూసే ఉంచాను.

ఆయన వారం రోజులు మళ్లీ మళ్లీ అడిగి, చివరికి నలభై ఒకటి తనే రాశారు. టైపు చేయడానికి నాకే తెచ్చిచ్చారు. 'మీరు అలల్ని దాటుతుంటే నేను ఒక్క కన్నీటిబొట్టుని దాటలేనా?' అని ఉంది. మూడు పేజీలు. ఎక్కడా పాప ముక్కు లేదు, గోళ్లు లేవు. సముద్రం మటుకు పన్నెండుసార్లు ఉంది. అక్షరం పొల్లుపోకుండా కొట్టిచ్చాను.

"ఎలా ఉంది?" అన్నారు.

"స్త్రీ హృదయమండీ," అన్నాను. ఆ మాటే తర్వాత మూడు పత్రికలు రాశాయి.

పుస్తకం బాగా పోయింది. సభలో ఒక లెక్చరరుగారు నలభై ఒకటి చదివి వినిపిస్తూ రెండుసార్లు ఆగి నీళ్లు తాగారు. సభ అయ్యాక మా ఆడపడుచు నన్ను వాటేసుకుంది.

"వదినా! నలభై ఒకటి చదివి దిండు ముంచేశాననుకో. ఎంత బాగా రాశావ్!"

"నేను రాయలేదమ్మా. మీ అన్నయ్య రాశారు."

"ఊరుకో వదినా. మా అన్నయ్యకి అన్ని మాటలెక్కడివి? చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే ఏడవడం కూడా రాదు వాడికి. 'మోకాలు, ఎడమవైపుది' అని చెప్పేవాడు." ముక్కు తుడుచుకుంది. "పాప సంగతి నువ్వెప్పుడూ నోరెత్తలేదు. ఇన్నాళ్లకి చెప్పుకున్నావ్. మంచిపని చేశావ్."

నాకు అక్కడ తగిలింది. పాప గురించి నేను పడిందంతా ఇకమీదట ఆ మూడు పేజీలే అన్నమాట. ఆ కన్నీటిబొట్టు నా నెత్తిన పడింది. కాదంటే నమ్మేవాళ్లు లేరు.

మర్నాడు సొరుగు తీశాను. కవరు మీది ఓడ చిరునామా కొట్టేసి మా ఇంటి చిరునామా రాశాను. పాత తపాలా బిళ్ల పక్కన కొత్త బిళ్లలు అంటించాను. మూల 41 అలాగే ఉంది. పుస్తకం అచ్చయిపోయింది, మార్కెట్లో ఉంది. ఇక ఈ ఉత్తరం ఎందుకూ పనికిరాదు, చదువుకోవడానికి తప్ప. అదే నాకు కావాల్సింది. వీధి చివర డబ్బాలో వేసి వచ్చాను.

రెండు రోజులకి పోస్టుమాను గేటు దగ్గర నన్నూ కవరునీ మార్చి మార్చి చూశాడు.

"ఏంటమ్మా, మన పోస్టాఫీసు ముద్రే, రాతా మీదే. సారుతో మాటల్లేవా?"

"ఉన్నాయి బాబూ. వినడమే లేదు. ఆయన చేతికే ఇవ్వు."

వంటగదిలోకొచ్చి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన ముందు నంబరు చూశారు. కూర్చోలేదు. నిలబడే చింపారు. ఒక్క పేజీ, అదీ సగం. నాకు కంఠతా వచ్చు.

'పాప పుట్టింది. ముప్ఫై ఒక్క గంటలు ఉంది. ముక్కు అచ్చం మీదే. గోళ్లు అప్పుడే పెరిగి ఉన్నాయి, చెంప గీరుకుంది. గుమాస్తా పేరు గడి ఖాళీగా ఉంచాడు. మీరు చెబితే రాస్తానన్నాడు. వెంటనే రాయండి. ఏం పేరు పెడదాం?'

చాలాసేపు కాగితం దించలేదు. నేను పొయ్యి మీది పాలు చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన అడుగుల చప్పుడు వంటగది వైపు వస్తుంటే, అరవైకి దగ్గరపడినదాన్ని, పైట సర్దుకున్నాను. సిగ్గులేకపోతే సరి.

గుమ్మంలో ఆగారు. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. అదీ చెప్పాలి.

"ఇది ముందే ఇచ్చి ఉండాల్సిందోయ్," అన్నారు.

"ఎందుకు?"

"అప్పుడు నేను రాయాల్సి వచ్చేది కాదు." కాగితాన్ని మళ్లీ ఒకసారి చూశారు. "ఇప్పుడేం చెయ్యలేం. జనం నాదానికి అలవాటుపడిపోయారు. పైగా నీది, ఏమీ అనుకోకు, కొంచెం పొడిగా ఉంది. లాగ్‌బుక్కులా."

పాలు పొంగాయి. దించాను.

"అందులో ఒకటి అడిగాను," అన్నాను.

"ఆఁ, చూశాను. పాపం," అన్నారు. భుజం తట్టారు. ఫోను మోగితే వెళ్లిపోయారు. ప్రచురణకర్త అనుకుంటాను. "మనుషులు దొరికారుగా ఇప్పుడు, ఇంకోటి రాసేద్దాం," అంటున్నారు నవ్వుతూ.

తొందరపడకూడదనుకున్నాను. ఉత్తరానికి జవాబు రావడానికి టైము పడుతుంది, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ సాయంత్రం చూశాను. మర్నాడు పొద్దున టిఫిను దగ్గర చూశాను. "ఉప్పు తక్కువ" అన్నారు.

ఆయన నడకకి వెళ్లాక బల్ల తుడుస్తుంటే రిజిస్టరు కనిపించింది. తెరిచే ఉంది. నలభై ఒకటో వరసలో 'రాలేదు, తపాలాలో పోయింది' అన్నదాన్ని స్కేలు పెట్టి కొట్టేశారు. పక్కన పొడి అక్షరాల సంతకం. అందిన తేదీ గడిలో నిన్నటి తేదీ వేశారు. జవాబు గడిలో రాశారు, ఎప్పటిలాగే గుండ్రటి చేతిరాతతో.

అవసరం లేదు.

కుర్చీలో కూర్చున్నాను. ఆయన కుర్చీలో నేనెప్పుడూ కూర్చోను, నడుం దగ్గర గుచ్చుకుంటుంది. కాసేపయ్యాక ఆయన కలం తీసి, రిమార్కుల గడిలో పాప పేరు రాశాను. ఆయన ఏం పేరు చెబుతారో, ఏం పేరు చెబుతారో అని ముప్ఫై రెండేళ్లు ఎదురుచూస్తూ నాలో నేను పిలుచుకున్న పేరు అది. సిరా ఆరేదాకా ఊదాను. పుస్తకం మూసి, దాని చోట పెట్టి, బల్ల తుడిచాను.

ఆయన ఎప్పుడో చూస్తారు. "ఇదెవరోయ్?" అంటారు. గుర్తులేదంటాను.

ఏం పేరని మీరూ అడగకండి. మా ఇంట్లో అచ్చుకానిది ఒక్కటైనా మిగలాలి.