కుర్చీలకి మేజోళ్ళు

గీబమ్‌కి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. పొద్దంతా ఆఫీసులో వంగిపోయిన నడుముని ఇంటికొచ్చి వెచ్చటి నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని "అబ్బా" అనాలి. వాళ్ళ నాన్న అలాగే అన్నాడు, తాత అలాగే అన్నాడు. నేల కింద వేడినీళ్ళ గొట్టాలు వేయించుకునేది మరెందుకు? చున్‌చాన్ ఊరి చలిలో మనిషికి దక్కే స్వర్గం అదొక్కటే. దానికి చచ్చిపోవాల్సిన పని కూడా లేదు.

ఆ స్వర్గం మీద అతని భార్య మిరాన్ ఓక్ చెక్క పరిపించింది.

చెక్కలా కనబడే అట్ట కాదు, నిజం చెక్క. ఈ ముక్క ఆవిడ లిఫ్టులో కలిసిన ప్రతివాళ్ళకీ చెప్పింది. చెక్క అమ్మిన షాపతను బిల్లు చేతికిస్తూ, "వేడి మరీ ఎక్కువ పెట్టకండమ్మా, సందులు విడతాయి" అన్నాడు. మంచి మాట వింటే సగంలో ఆపే మనిషి కాదు మిరాన్. హాల్లో వేడి మొత్తం కట్టేసింది.

తర్వాత గీతలు పడతాయని కుర్చీల కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు తొడిగింది. అవి గీబమ్ మేజోళ్ళకంటే మందం. పడగ్గదిలో గాలికి తేమనిచ్చే మెషిను హాల్లోకి వచ్చేసింది, చెక్క ఎండిపోకూడదట. గొంతు ఎండిపోయి గీబమ్ దగ్గితే, "కాస్త మెల్లిగా దగ్గండి, కింద ఇంటివాళ్ళున్నారు" అంది. ఒకరోజు అతని తినే పుల్లల మధ్య నుంచి ఎర్రటి కిమ్చీ పచ్చడి ముక్క జారింది. అది నేలని తాకేలోపే మిరాన్ వేసిన కేకకి కింద ఇంటివాళ్ళు నిజంగానే ఫోన్ చేశారు. ఆనాటి నుంచి గీబమ్ వంటింటి సింకు మీద వంగి అన్నం తింటున్నాడు.

ఇదంతా చాలదని, ఇంట్లో మనుషులు నడిచే చోటల్లా మందపాటి మ్యాట్లు పరిచింది. గుమ్మం నుంచి సోఫాకి, సోఫా నుంచి వంటింటికి, వంటింటి నుంచి బాత్‌రూమ్‌కి.

"మరి కనబడనిదానికి చెక్క ఎందుకే?" అన్నాడు గీబమ్, సోఫాలో చలికోటు వేసుకుని కూర్చుని.

"మ్యోంగ్‌హీ చూడ్డానికి."

మ్యోంగ్‌హీ హైస్కూల్లో మిరాన్ పక్కన కూర్చునేది. పోయినేడు ఇంట్లో పాలరాయి వేయించి, పిలిచి మరీ, "మెల్లిగా నడవ్వే మిరానూ, నీకు అలవాటు లేదుగా" అంది. ఆ మాటకి జవాబే ఈ ఓక్ నేల. తీరా జవాబు తయారయ్యేసరికి మ్యోంగ్‌హీ తన పాలరాయి మీద తనే జారిపడి మోకాలికి ఆపరేషన్ చేయించుకుంది. చూసి కుళ్ళుకోవాల్సిన మనిషి మంచం మీద ఉంటే కొత్త నేల విందు ఎవరికోసం? వసంతానికి వాయిదా పడింది.

"విందయ్యాక వేడి పెట్టుకుని పడుకోవచ్చా?"

"అది వచ్చి, చూసి, ఏడ్చి వెళ్ళనీండి. తర్వాత పడుకుంటారో, పొర్లుతారో మీ ఇష్టం."

చలికాలమంతా నేల మ్యోంగ్‌హీ మోకాలి కోసం ఎదురుచూసింది. గీబమ్ నేల కోసం ఎదురుచూశాడు.

మార్చిలో ఒక ఆదివారం స్నేహితురాళ్ళు దిగారు. అందరి చేతుల్లోనూ కొత్త ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్ళు తెచ్చే మామూలు కానుకలే, సబ్బుపొడి డబ్బాలు, టాయిలెట్ కాగితం కట్టలు. ఆఖరి నిమిషందాకా దుమ్ము పడకూడదని మిరాన్ మ్యాట్లు తియ్యనివ్వలేదు. తలుపు గంట మోగాకే, "తీయండి, తీయండి!" అంటూ గుమ్మానికి పరిగెత్తి, మ్యోంగ్‌హీ చేతికర్రకి కూడా ఒక మేజోడు తొడిగింది. గీబమ్ మ్యాట్లన్నీ చుట్టి బాల్కనీలోకి తోసి, వెనక్కి తిరిగి చూశాడు. చూసి, మళ్ళీ పరిచేద్దామా అనుకునేలోపే అందరూ లోపలికొచ్చేశారు.

చలికాలమంతా కిటికీ వెలుతురు తగిలిన చెక్క తేనె రంగుకి తిరిగింది. మ్యాట్ల కిందది మాత్రం వేసిన రోజులాగే పాలిపోయి ఉంది. గుమ్మం నుంచి సోఫాకి, సోఫా నుంచి వంటింటికి తెల్లటి రోడ్లు.

మ్యోంగ్‌హీ కర్ర ఆనించి తీరిగ్గా చూసింది.

"బాగుందే మిరానూ! మెట్రో స్టేషన్లోలాగా దారులు వేయించావా? ఇదెటు పోతుంది?"

"బాత్‌రూమ్‌కండీ," అన్నాడు గీబమ్. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

"ఎంత ముందుచూపే నీకు! వయసు మీదపడ్డాక మతిమరుపొచ్చినా దారి తప్పవు."

మిరాన్ నవ్వింది. వాళ్ళు వెళ్ళేదాకా ఆ నవ్వుని అలాగే మొహం మీద నిలబెట్టి, తలుపు వేసి, షాపతనికి ఫోన్ చేసింది.

"కంగారేం లేదమ్మా," అన్నాడతను. "మ్యాట్లు తీసెయ్యండి. వేడి కొద్దిగా, ఎప్పుడూ ఒకేలా పెట్టండి. కర్టెన్లు తెరిచి మామూలుగా బతకండి. రంగు మెల్లిగా కలిసిపోతుంది."

మామూలుగా బతకమనేసరికి మిరాన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. గీబమ్‌కి తోచింది. తర్వాతి సెలవు రోజున, కిటికీ ఎండలో, గోరువెచ్చటి నేల మీద నడుము వాల్చి కళ్ళు మూసుకుని "అబ్బా" అన్నాడు.

"లేవండి!"

"ఇప్పుడేమయిందే?"

"మీ కింద చెక్కకి ఎండెలా తగుల్తుంది? అక్కడ మనిషి ఆకారంలో తెల్లగా ఉండిపోతుంది. మ్యోంగ్‌హీ మళ్ళీ వచ్చి, ఇది ఏ స్టేషనే అంటే ఏం చెప్పను?"

గీబమ్ ఆలోచించాడు. వీపు వెచ్చగా ఉంది. "లేవను," అన్నాడు, పెళ్ళయ్యాక మొదటిసారి.

మిరాన్ కూడా ఆలోచించింది. వంటింట్లోకి వెళ్ళి గుడ్లు ఉడకబెట్టేటప్పుడు పెట్టుకునే గంట తెచ్చి, పక్కన కుర్చీలో కూర్చుంది.

"అయితే ఇది మోగినప్పుడల్లా దొర్లండి."

గంట మోగింది. పెనం మీద చేపలాగా గీబమ్ ఒకసారి దొర్లాడు. అక్కడా వెచ్చగానే ఉంది.

"అబ్బా," అన్నాడు.

"ఇంకొంచెం అటు. సోఫా దగ్గర ఇంకా రంగు రాలేదు."