బోర్డుకి చెప్పిన పాఠం

ప్రొఫెసర్‌గారితో కాపురం చేయడమంటే రూల్సు పుస్తకంతో కాపురం చేయడమే. చెప్పుల స్టాండులో ఏ అర ఎవరిదో, రిమోటు ఏ పూట ఎవరి చేతిలో ఉండాలో, గీజరు ఎవరు ఆపాలో, అన్నిటికీ ఆయన దగ్గర ఒక నిబంధన ఉంది. వాటిని అతిక్రమించేది ఆయనొక్కరే. ఇల్లాలు ఇదంతా నవ్వుతూనే భరించింది. ఆ పిచ్చి విశ్వవిద్యాలయం దాకా పాకి కన్నకూతురి మెడకే చుట్టుకున్నాక మాత్రం ఆవిడకి నవ్వు రాలేదు.

కొత్త నిబంధన ముసాయిదా ఆయనదే. అధ్యాపకుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప విద్యార్థులెవరూ పాఠాన్ని రికార్డు చేయకూడదు. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళకి మినహాయింపు. కూతురు అక్కడే గణితం చదువుతోంది, అదీ తండ్రి క్లాసులోనే. చిన్నప్పుడొచ్చిన జ్వరం ఆ పిల్ల ఎడమ చెవిని సగం పట్టుకుపోయింది. క్లాసులో విన్నంత విని, మిగతాది ఇంటికొచ్చి ఫోనులో రికార్డు పెట్టుకుని పూర్తి చేసుకుంటుంది.

"నీకేం బెంగ? సర్టిఫికెట్ పట్రా, మొదటి సంతకం నేనే పెడతా," అన్నారాయన భోజనాల దగ్గర.

"ప్రతి టర్మూ ప్రతి సర్ ముందూ చెవి పట్టుకుని నిలబడాలా నాన్నా? నాకు మినహాయింపు వద్దు, రూలే మారాలి. మారకపోతే వినబడినంత వింటా. పరీక్ష పోతే పోనీ."

"చూశావా మొండితనం! అచ్చం నీ పోలికే."

"అవునండీ, మీ వైపు వాళ్ళంతా మైనపు ముద్దలు మరి," అంది ఇల్లాలు. పైకి అలా అంది గానీ లోపల గుబులే. ఆ పిల్ల అన్నంత పనీ చేసే రకం.

నిబంధన మీద బహిరంగ చర్చ పెట్టిన రోజు, "నువ్వెందుకు, బోరు కొడుతుంది," అని ఆయన చెప్పినా వినకుండా ఆవిడ వెళ్ళి వెనక మూల కూర్చుంది. సమావేశ మందిరానికి రంగులు వేస్తున్నారని చర్చ ఒక తరగతి గదిలో జరిపారు. ముందు వరసలో రిజిస్ట్రార్ మేడమ్, కమిటీ పెద్దలు.

ప్రొఫెసర్‌గారు బాగానే వాదించారు. పాఠాన్ని ముక్కలు చేసి ఊరంతా తిప్పుతారన్నారు. తమ గొంతు కూడా రికార్డవుతుందని పిల్లలు సందేహాలడగడం మానేస్తారన్నారు. చివరికి, "అసలు రికార్డు చేసేవాడు వినడండీ. ఫోను వింటోంది కదా అని వీడు నిద్రపోతాడు," అన్నారు. పెద్దలంతా తలలూపారు.

కూతురు లేచింది. "సర్ చెప్పిన మొదటి రెండూ నిజమే. సందేహాలప్పుడు రికార్డింగ్ ఆపేద్దాం. బయటపెట్టినవాళ్ళ మీద చర్య తీసుకోండి. మూడోది తేలాలంటే మాత్రం మీరంతా ఒక్కసారి వెనక బెంచీల్లోకి రావాలి. సర్, నిన్నటి లెక్క మళ్ళీ చెప్తారా? మీరు ఒప్పుకుంటే రికార్డు చేసుకుంటాను."

ఆయన సరేనన్నారు. ఆ పిల్ల ఫోను తీసుకెళ్ళి బోర్డు కింద చాక్‌పీసుల పక్కన పెట్టింది. పెద్దలు మోకాళ్ళు బల్లలకి తగిలించుకుంటూ వెనక బెంచీల్లో ఇరుక్కున్నారు.

చాక్‌పీసు చేతికొస్తే ఆయనకి లోకం కనబడదు. వెంటనే బోర్డు వైపు తిరిగిపోయారు. రాస్తూ, చెరుపుతూ, మురిసిపోతూ చెప్పారు. పైన ఫ్యాను గరగర, ఎదురుగా ఆయన వీపు. లెక్క తేలాక చేతులు దులుపుకుని ఇటు తిరిగారు.

"లెక్కలో మూడో వరస నుంచి నాలుగో వరస ఎలా వచ్చిందో సర్ ఇప్పుడే చెప్పారు. ఎవరైనా చెప్తారా?" అంది కూతురు.

అకౌంట్స్ అధికారి ఫ్యాను వైపు చూశాడు. రిజిస్ట్రార్ మేడమ్ కళ్ళజోడు తుడుచుకున్నారు. "నాకు లెక్కలంటే మొదట్నుంచీ అంతేనమ్మా," అన్నాడు ఇంకో పెద్దమనిషి.

ఇల్లాలికి మాత్రం ప్రతి ముక్కా వినబడింది. ఇన్నేళ్ళుగా ఆ వీపుతోనే మాట్లాడుతోంది మరి. అయినా పెదవి విప్పలేదు.

"తప్పు మీది కాదు సర్. మా సర్ పాఠం చాలా బాగా చెప్పారు. కాకపోతే బోర్డుకి చెప్పారు," అని కూతురు ఫోను నొక్కింది.

ఆయన గొంతు ఖంగుమంది. నాలుగో వరస దగ్గర ఎక్కడ తడబడతారో, ఎందుకు తడబడకూడదో బుజ్జగించి చెబుతున్న గొంతు. "ఓహో, ఇదా!" అన్నాడు లెక్కలు రాని పెద్దమనిషి, పిల్లాడిలా.

పక్కనున్న ఒకావిడ ఇల్లాలిని గుసగుసగా అడిగింది. "ఎవరమ్మాయండీ, ఇంత గట్టిది?"

"మా అమ్మాయే," అంది ఇల్లాలు. నడుం దానంతటదే నిటారైంది.

"మరి ఆ సారు?"

"ఆయనా మావారే లెండి, ఏం చేస్తాం!"

అంది గానీ, ఆ గొంతు అంత బాగుందని ఆవిడ కూడా ఇవాళే గమనించింది.

రికార్డు ఆగింది. ప్రొఫెసర్‌గారు కాసేపు ఫోను వైపు, తర్వాత కూతురి వైపు చూశారు. ముసాయిదా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. గది వైపు తిరిగి, ఆఖరి బెంచీ దాకా వినబడేలా అన్నారు:

"రికార్డు చేసేవాళ్ళు వినరనుకున్నాను. వినబడేలా చెప్పనిది నేనే. తప్పు నాదమ్మా."