పాత కొలతలు

ఆ వీధిలో కత్తెరక్కను ఎరగనివాళ్ళు లేరు. ప్యాంటు పొడవు తగ్గించాలన్నా, జిప్పు ఊడొచ్చినా, పెళ్ళినాటి కోటు పొట్ట దగ్గర బిగుసుకుపోయినా అందరూ మెట్లు దిగి ఆవిడ కొట్టుకే వస్తారు. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు, నేలకు కింద ఒక్క గది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళు మోకాళ్ళ దాకానే కనబడతారు. అయినా సరే, మొహం చూడకుండానే "ఈయన ఎడమకాలు అరంగుళం పొట్టి" అని చెప్పేయగలదు మహాతల్లి. మెడలో టేపు, దాని పక్కనే దారానికి వేలాడే కుట్లు విప్పే ముల్లు. ఆ రెండూ లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. నిద్రలో కూడా తీయదేమోనని మరిది వేళాకోళం చేస్తుంటాడు.

మరిదంటే చెల్లెలి మొగుడు, బస్సు డ్రైవరు. ఇక ఆ చెల్లెల్ని ఇంట్లో అందరూ పిలిచే పేరు చేప. ఆరేళ్ళప్పుడు నీళ్ళలో దిగింది, ఇప్పటిదాకా పైకి రాలేదని వాళ్ళ నాన్న అనేవాడు. ఊరి చివర పార్కులో సరస్సు ఉంది. ఒక పక్కన ఇసుక పోసి, నీళ్ళలో ఎర్రబంతుల తాడు కట్టి, ఈత కొట్టేవాళ్ళకు బీచ్ తయారుచేశారు. అక్కడ ఇరవై వేసవులు పిల్లలకు ఈత నేర్పింది చేప. తాడుకు కాస్త ఇవతల ఒక చెక్క తెప్ప తేలుతూ ఉంటుంది. ప్రతి ఆదివారం ఒడ్డు నుంచి తెప్ప దాకా ఈదడం, తెప్ప మీద కూర్చుని అక్కకు చెయ్యి ఊపడం ఆవిడ పని. అక్కకు నీళ్ళంటే చచ్చేంత భయం. చీలమండ కూడా తడవనంత దూరంలో దుప్పటి పరుచుకుని, "చాల్లే, రా!" అని అరవడం ఈవిడ పని.

రెండేళ్ళ కిందట చేపకు ఎడమ రొమ్ము తీసేశారు.

జబ్బు పోయింది, మనిషి దక్కింది. హాయిగా ఈదొచ్చని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. చేప మాత్రం ఆ పార్కు వైపు తొంగి చూస్తే ఒట్టు. నీళ్ళు చల్లగా ఉన్నాయనేది, ఎండ ఎక్కువగా ఉందనేది, రెండూ బాగుంటే తలనొప్పి అనేది. మరిది బతిమాలీ బతిమాలీ ఊరుకున్నాడు. చివరికి ఒకరోజు అక్క కొట్టులో బొత్తాల డబ్బా ముందు కూర్చుని చేప బయటపడింది.

"ఒంటికి అతుక్కునే బట్టలేసుకుని అంతమందిలో నడవాలక్కా. ఒక్కళ్ళు తేడాగా చూశారంటే నా ప్రాణం పోతుంది. కానీ నీళ్ళు లేకుండా కూడా ఉండలేకపోతున్నాను. రాత్రి కలలో ఈదుతున్నానే" అని వెక్కివెక్కి ఏడ్చింది.

కత్తెరక్క మిషను ఆపేసింది. "ఏడవకు. నీకు ఈత డ్రెస్సు నేను కుడతాను. తేడా ఎవడు కనిపెడతాడో చూద్దాం."

"బజార్లో ఉంటాయట కదా అలాంటివి?"

"బజారు సరుక్కి నీ ఒళ్ళు తెలుసా ఏంటి?"

చేప కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. కొలతలు ఇవ్వడానికి చొక్కా గుండీ మీద చెయ్యి వేసింది. అంతే, కత్తెరక్క గభాలున వెనక్కి తిరిగి, సొరుగులోంచి కొలతల పుస్తకం లాగింది.

"ఇప్పుడు కొలతలెందుకులేవే! పద్నాలుగో ఏటి నుంచీ నీవన్నీ నా దగ్గరున్నాయి."

చేప గుండీ మీంచి చెయ్యి తీసేసి, "సరేలే" అంది.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే కథ అర్థం కాదు. కత్తెరక్క ఎవరికీ పాత కొలతలతో బట్ట కోయదు. మొన్న వచ్చినవాడు ఇవాళ వచ్చినా మళ్ళీ టేపు వేస్తుంది. "ఒంటిని నమ్మకూడదు, టేపును నమ్మాలి" అని కసురుతుంది. అలాంటి మనిషి, సొంత చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి పాత పుస్తకం తిరగేసింది. ఎందుకంటే ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ గాయాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆస్పత్రి బయట బల్ల మీద రాత్రుళ్ళు గడిపింది. చేప ఇంట్లో వంట చేసింది, దుప్పట్లు ఉతికింది, జుట్టు దువ్వింది. కట్టు మార్చే వేళకు మాత్రం పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు వంటింట్లోకి పరిగెత్తేది. కట్టు మార్చింది మరిదే. అదంతా చేప గమనిస్తూనే ఉంది.

సరే, డ్రెస్సు సంగతి. ముదురు నీలం గుడ్డ తెచ్చింది. కొత్త గుడ్డ కాబట్టి అలవాటు ప్రకారం రాత్రంతా బకెట్లో నానబెట్టి, ఆరేసి, అప్పుడు కోసింది. ఎడమవైపు లోపల చిన్న జేబు కుట్టి, అందులో దూది కూరింది. ఉత్త దూదైతే చేతులెత్తినప్పుడల్లా పైకి లేచి మెడ దాకా వస్తుంది. దానికీ ఉపాయం ఉంది ఆవిడ దగ్గర. కర్టెన్లు గాలికి ఎగరకుండా అంచుల్లో సీసపు బిళ్ళలు వేస్తారు కదా, అవి మూడు తీసి దూది మధ్యలో పెట్టి కుట్టేసింది. జేబు మూతిని రెండు వరసల గట్టి కుట్టుతో మూసింది. ఇక ఆ భగవంతుడు దిగొచ్చినా ఊడదు అనుకుంది.

అద్దం ముందు చేప వేసుకుని చూసుకుంది. చేతులెత్తింది, వంగింది, గుంజీలు తీసింది. ఏదీ చెక్కుచెదరలేదు. రెండేళ్ళ తర్వాత అద్దంలో తనను తాను అటూ ఇటూ తిరిగి చూసుకుని నవ్వింది. కత్తెరక్కకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం ముగ్గురూ పార్కుకు వెళ్ళారు. మరిది కారు నిలిపినప్పటి నుంచీ ఒకటే హడావుడి. తువ్వాళ్ళు తనే మోశాడు, ఉడకబెట్టిన గుడ్లు తనే మోశాడు, చెప్పులు కూడా మోసేవాడే, చేప తిట్టింది కాబట్టి ఊరుకున్నాడు. బీచ్ కిటకిటలాడుతోంది. ఎత్తు కుర్చీలో కూర్చున్న లైఫ్‌గార్డు అమ్మాయి చేపను చూడగానే ఈలతాడు వదిలేసి లేచి నిలబడింది.

"టీచర్! వచ్చేశారా! నన్ను ఈ నీళ్ళలోకి తోసేసింది మీరే, గుర్తుందా?"

"తోయకపోతే నువ్వింకా ఒడ్డునే ఏడుస్తూ ఉండేదానివి" అంది చేప. ఆ గొంతు రెండేళ్ళుగా ఎవరూ వినలేదు. మరిది మొహం పక్కకు తిప్పుకుని ముక్కు చీదాడు.

చేప తువ్వాలు దుప్పటి మీద పడేసి ఇసుకలో నడిచింది. ఎవరూ చూడలేదు. కత్తెరక్క బీచ్‌లో ప్రతి తలనూ లెక్కపెట్టినట్టు చూసింది, ఒక్క తలా ఇటు తిరగలేదు. చేప నడుము లోతుకు వెళ్ళి, గట్టిగా ఊపిరి పీల్చి నీళ్ళలోకి దూకింది.

పది బారలు వేసిందో లేదో మనిషి ఎడమపక్కకు ఒరిగింది. మళ్ళీ సరిచేసుకుని మరో నాలుగు బారలు వేసింది, మళ్ళీ ఒరిగింది. తెప్పకు సగం దారిలో వెనక్కి తిరిగి, కాళ్ళానే చోటు చూసుకుని నిలబడింది. నిలబడీ నిలబడగానే మోకాళ్ళు వంచి గొంతు దాకా నీళ్ళలోకి దిగిపోయి, రెండు చేతులూ పొట్టకు అదుముకుంది.

కత్తెరక్కకు అప్పుడు తట్టింది. గుడ్డను తడిపింది కానీ దూదిని తడిపి చూడలేదు! నీళ్ళంటే ఆవిడకు తెలిసిందల్లా బకెట్లో గుడ్డ నానబెట్టడం. దూది సరస్సును తాగేసి రాయిలా బరువెక్కింది. దానికి తోడు సీసపు బిళ్ళలు. ఆ బరువుకు, పాత కొలతలతో అక్కడ వదులుగా ఉన్న గుడ్డ సాగి, రొమ్ము దగ్గర ఉండాల్సింది నడుం దగ్గరికి జారింది. అద్దం ముందు అన్ని గుంజీలు తీయించిన తను ఒక్క చెంబు నీళ్ళు పోసి చూడలేదు! తల కొట్టేసినట్టయింది ఆవిడకు.

"టీచర్! బాగానే ఉన్నారా?" అని లైఫ్‌గార్డు కుర్చీలోంచి కేకేసింది. పాపం, మంచికే అరిచింది. కానీ ఇంతసేపూ ఇటు తిరగని తలలన్నీ ఇప్పుడు తిరిగాయి.

చేప మొహం పాలిపోయింది. మరిది చెప్పులు విడిచి పరిగెత్తబోయాడు. చేప తల అడ్డంగా ఊపింది.

"నువ్వొద్దు! అక్కను రమ్మను!"

"నేనా?" అంది కత్తెరక్క. "నాకు ఈత రాదు కదే!"

"నీ ముల్లు కావాలక్కా. కుట్లు విప్పాలి. రా!"

ఏం చెప్పమంటారు ఆవిడ అవస్థ! కట్టుబట్టలతో, మెడలో టేపుతో, ముల్లుతో నీళ్ళలో అడుగుపెట్టింది. మోకాళ్ళ లోతుకే ఆగిపోయి కళ్ళు మూసుకుంది. అక్కడ చెల్లెలు అంతమంది ఎదుట ముడుచుకుని ఉంది. తను చేసిన పని అది. ఇప్పుడు వెనక్కి తిరిగితే చేప మళ్ళీ ఈ నీళ్ళ మొహం చూడదు, తన మొహం కూడా చూడకపోవచ్చు. పళ్ళు బిగించి నడిచింది. నీళ్ళు నడుముకొచ్చాయి, గుండెకొచ్చాయి. చేప చెయ్యి చాపి మోచెయ్యి పట్టుకుంది.

"నేనున్నాగా. ఒడ్డుకు వీపు పెట్టి నిలబడు, ఎవరికీ కనబడకుండా."

అక్క అడ్డంగా నిలబడింది. చేప ఎడమ భుజం మీది పట్టీ కిందికి దించింది. అక్క ముల్లు చేతిలోకి తీసుకుని, తల ఎత్తి అవతలి గట్టున ఉన్న చెట్లను చూస్తూ, వేళ్ళతో తడుముతూ కుట్టు వెతికింది.

"అటు చూస్తూ విప్పితే నన్ను పొడిచేస్తావు" అంది చేప. తర్వాత చాలా మెల్లిగా అంది, "నీకు అసహ్యమని నాకు తెలుసక్కా. రెండేళ్ళుగా తెలుసు. ఈ ఒక్కసారికి చూడు."

అసహ్యం! ఆ మాట కత్తెరక్కకు చెంపదెబ్బలా తగిలింది. తల దించి చూసింది.

నీళ్ళు తేటగానే ఉన్నాయి. చదునైన ఛాతీ మీద నడిమి ఎముక నుంచి చంక దాకా సన్నటి తెల్లటి గీత. అంతే. రెండేళ్ళుగా ఆవిడ రాత్రుళ్ళు కళ్ళు మూసుకుని ఊహించుకున్న ఘోరాల్లో ఒక్కటీ అక్కడ లేదు. చెల్లెలి ఒళ్ళే ఉంది. చిన్నప్పుడు తనే ఒళ్ళు రుద్ది స్నానం చేయించిన ఒళ్ళు. కత్తెరక్క రెప్ప వేయకుండా చూసింది, గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"చంక దగ్గర ముడత వదిలేశాడు చూడు, దరిద్రుడు" అంది ఏడుస్తూ. "కుట్టడం ఎవడు నేర్పాడు వాడికి!"

చేప బిత్తరపోయి చూసి, ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"నాకు అసహ్యమేంటే పిచ్చిదానా!" అంది అక్క. "నిన్ను కోశారన్న మాటే మింగుడుపడలేదు. చూస్తే నిజమైపోతుందని భయం. నీళ్ళకంటే ఎక్కువ భయం. అందుకే పాత కొలతలు పట్టుకుని వేలాడాను. తప్పు నాది."

"ముందు విప్పు తల్లీ, మునిగిపోతాం" అంది చేప.

ముల్లు దూర్చి, రెండు వరసలూ పటపటా విప్పేసింది. నీళ్ళోడుతున్న దూది ముద్ద ఊడి అక్క చేతిలో పడింది. చేప పట్టీ పైకి లాక్కుని, ఎడమవైపు చదునుగా, గుడ్డ వదులుగా వేలాడుతుండగా తెప్ప వైపు తిరిగింది. అక్క ఏమీ అనకముందే దూకేసింది. ఈసారి ఒరగలేదు. తాడు లాగినట్టు తిన్నగా వెళ్ళి తెప్ప పట్టుకుంది, మోచేతుల మీద లేచి పైకి ఎక్కింది, అంతమంది ఎదుట అలాగే నిలబడి చెయ్యి ఊపింది.

"చాల్లే, రా!" అని అరిచింది కత్తెరక్క. అరిచాక తెలిసింది, తను ఇంకా గుండె లోతు నీళ్ళలోనే ఉంది, కాలు ముందుకూ పడదు, వెనక్కూ పడదు. చివరికి చేపే ఈదుకుంటూ వచ్చి, రెక్క పట్టుకుని ఒడ్డుకు నడిపించాల్సి వచ్చింది. ఇసుకలో నడుస్తుంటే ఒకరిద్దరు చూశారు. ఒకావిడ చూసి చప్పున తల తిప్పుకుంది. చేప భుజాలు ముడుచుకోలేదు, ప్రాణమూ పోలేదు. దుప్పటి దగ్గరికి వచ్చి ఒక గుడ్డు తీసుకుని కొరికింది.

"ఇటు గుడ్డ సంచిలా నీళ్ళు నింపుకుంటోందక్కా, చెయ్యి లాగుతోంది" అంది నమలుతూ. "బిగించిపెట్టు. వచ్చే ఆదివారానికి కావాలి."

కత్తెరక్క వెంట తెచ్చుకున్న చేతిసంచిలోంచి కొలతల పుస్తకం తీసి, చెల్లెల్ని బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కెళ్ళి గడియ పెట్టింది. చెక్క గోడలు, ఒక బల్ల, రెండు కొక్కేలు. పద్నాలుగో ఏటి పేజీ దాటేసి కొత్త పేజీ తెరిచింది. మెడలోంచి తడి టేపు తీసి, చెల్లెలి ఛాతీ మీద, సరిగ్గా ఆ తెల్లగీత మీదుగా వేసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయని చేప ఉలిక్కిపడింది.

"కదలకు" అని కసిరింది అక్క.

బయట మరిది తలుపు తట్టాడు. "వదినా, ఇంకా ఎంతసేపు? ఏం చేస్తున్నారు లోపల?"

"చెల్లెలికి కొలతలు తీసుకుంటున్నా, ఆగు!" అంది కత్తెరక్క, బీచ్ అంతా వినబడేంత గట్టిగా.