లోపల ఉన్న బండి

సాయంత్రం ఆరుంబావుకు కాంటా మీద బండి లేదు. పక్క గదిలో తూకం చూపే డబ్బా మీద ఎర్ర అంకెలు అరవై కిలోలు చూపించాయి. అప్పుడు గదిలో ఉన్నది కమ్లి ఒక్కతే.

బాన్సువాడ నుంచి బిచ్కుంద పోయే రోడ్డు మీద, బియ్యం మిల్లు గేటు పక్కన ఉంటుంది ఆ కాంటా. లారీలు, ట్రాక్టర్లు తూకం వేసేది. దాన్ని ఆరేళ్లుగా కమ్లి చూసుకుంటోంది. ఆ రోజు కూడా పొద్దున వచ్చి ముందు ఇనుప పలక ఊడ్చింది. అంచుల్లో ఇరుక్కున్న వడ్లను పుల్లతో గీకి తీసింది. ఇరవై కిలోల తూకం రాళ్లు మూడింటిని ఒక్కొక్కటిగా మోసుకెళ్లి పలక మీద పెట్టింది. డబ్బా అరవై చూపింది. మళ్లీ మోసుకొచ్చి తలుపు పక్కన పెట్టింది. సున్నా వచ్చింది.

ఆమెకు ముందు ఆ పని చేసిన భర్త జేత్యాకు రాళ్లు అక్కర్లేదు. అతని బరువు అరవై. రోజూ తనే పలక ఎక్కి, కిటికీలోంచి అంకెలు చూసుకునేవాడు. ఆరేళ్ల కిందట ఒక పొద్దున కమ్లి అతనికి సద్ది ఇవ్వడానికి తండా నుంచి వచ్చింది. అతను పలక మీద నిలబడి, "ఆ పెద్ద మీట నొక్కు, నన్ను గూడ తూకమెయ్యి" అన్నాడు నవ్వుతూ. కమ్లి గదిలోకి వెళ్లి కంప్యూటర్ మీద ఆ మీట నొక్కింది. తల ఎత్తి చూసేసరికి అతను పలక మీద పడి ఉన్నాడు. దవాఖాన దాకా ప్రాణం నిలవలేదు.

కాంటా మీద ప్రతి బండికీ రెండు తూకాలు. నిండుగా వచ్చినప్పుడు ఒకటి, ఖాళీగా పోయేటప్పుడు ఒకటి. రెండింటికీ తేడా సరుకు. రెండో తూకం పడేదాకా ఆ బండి మిల్లు లోపలే ఉన్నట్టు కంప్యూటర్ తెర మీద కనిపిస్తూ ఉంటుంది. తుడిచే వీలు లేదు. మోసం జరగకుండా తూకాల ప్రోగ్రాంను అట్లా రాశారు. రాసిన మనిషి ఎక్కడున్నాడో ఇప్పుడు ఎవరికీ తెలియదు. లోపల ఉన్న బండ్ల వరుసలో అన్నిటికన్నా పైన, బండి నంబర్ లేకుండా, జేత్యా అరవై కిలోలు ఆరేళ్లుగా ఉంది.

ముందు రోజు పాత కంప్యూటర్ ఆగిపోయింది.

పాత బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు నడిపే సంజీవ్ పది గంటలకు కొత్తది తెచ్చాడు. పాతదాని డిస్కు తీసి, అందులో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించాడు. ప్రోగ్రాం తెరవబోతే, ఇది ఈ కంప్యూటర్‌లో నడవదని తెర మీద వచ్చింది.

మిల్లు యజమాని వెంకటేశం తలుపులో నిలబడి చూస్తున్నాడు.

"నడవకుంటే ఫికర్ లేదు" అన్నాడు. "రేపు హైదరాబాదోళ్లు వచ్చి కొత్త ప్రోగ్రాం ఏస్తరు. అన్నీ మొదటికెల్లి మొదలు. నీ పై లైను పీడ గూడ పోతది, కమ్లీ."

"జర ఆగు సేటు. పిల్లగాడు చూస్తుండు గద."

"ఎన్నిసార్లు చెప్పిన? గా మూడు రాళ్లు పలక మీద పెట్టి, రెండో తూకమేసి మూసెయ్యమని."

"ఆయన రాయి కాదు."

"అయితే వట్టిగనే మూసెయ్యి."

"వట్టిగ మూస్తే అరవై కిలోల సరుకు మిల్లుల దింపిపోయినట్టు చీటీ వస్తది. ఆయన బస్తా గూడ కాదు."

వెంకటేశం గోదాం వైపు వెళ్లాడు.

సంజీవ్ ఇంకో ప్రోగ్రాం ఎక్కించాడు. తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో రెండు వరుసలు టైపు చేశాడు.

"ఏంది గది?" అంది కమ్లి.

"కొత్త కంప్యూటర్ల ఉత్తుత్తి పాత కంప్యూటర్ అక్కా. నీ ప్రోగ్రాంను గీ కిటికీల కూసోబెడుతున్న. దానికి బయట ఏం మారిందో తెల్వది. ఎన్కటి తీర్గనే ఉన్న అనుకుంటది."

ప్రోగ్రాం లేచింది. లోపల ఉన్న బండ్ల వరుస ఖాళీగా ఉంది. కమ్లి కుర్చీ వెనక భాగం పట్టుకుంది. సంజీవ్ తెర వైపు చూసి, ఒక ఫైలు పాత డిస్కులోనే ఉండిపోయిందన్నాడు. దాన్ని తెచ్చి మళ్లీ తెరిచాడు. అరవై కిలోల లైను వచ్చింది. కమ్లి కూర్చుంది.

పగలంతా వడ్ల బండ్లు వచ్చాయి. నస్రుల్లాబాద్ పోచన్న ట్రాక్టర్ దిగకుండానే కిటికీలోంచి తెర చూశాడు.

"ఏం చెల్లె, కొత్త కంప్యూటర్ల గూడ మా జేత్యా లోపల్నే ఉన్నడా?"

"ఉన్నడు. నువ్వైతే జల్ది బయటికి నడువు, ఎన్క లారీ ఉంది."

"మంచిగున్నది. గేటు పాసు లేక ఆగిండేమో!"

కమ్లి నవ్వి చీటీ చించి ఇచ్చింది. చివరి బండి ఆరు గంటలకు పోయింది. వరుసలో పైన ఉన్నది ఒక్కటే మిగిలింది. ఆమె దీపం వేసి గేటు గొలుసు పెట్టి వచ్చింది. అప్పుడు చూసింది డబ్బా మీద అరవై.

తూకం రాళ్లు మూడూ తలుపు పక్కనే ఉన్నాయి. బయటికి వెళ్లి పలక చుట్టూ తిరిగింది. వంగి అంచుల కింద చూసింది. కుక్క లేదు, రాయి లేదు. పలక మీద కాలు పెట్టలేదు. లోపలికి వచ్చి సంజీవ్‌కు ఫోను చేసింది.

"గట్ల ఇరుక్కుంటదక్కా" అన్నాడు. "పాత ప్రోగ్రాం, కొత్త కంప్యూటర్. ఆఖరి అంకె తెర మీద నిలబడిపోతది. వైరు పీకి మళ్ల పెట్టు."

"తెర మీద కాదు. డబ్బా మీద ఉంది."



"డబ్బాకు కంప్యూటర్‌తోని పని లేదక్కా. పలక మీద ఏముంటే గదే చూపెడతది. పలక మీద ఏముంది?"

కమ్లి ఫోను పెట్టేసింది.

కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి పలక కనిపిస్తోంది. బాణం మీట నొక్కి పై లైను మీదికి వెళ్లింది. రెండో తూకం వేయమంటారా అని ప్రోగ్రాం అడిగింది. ఆమె చెయ్యి మీట మీద ఉంది. రోడ్డు మీద ఒక బస్సు పోయింది. అంకెలు కదల్లేదు.

"ఇగ నడువు" అంది కమ్లి. పెద్ద మీట నొక్కింది.

ప్రింటర్ కొట్టుకుంది. వరుస ఖాళీ అయింది. ఎర్ర అంకెలు అరవై నుంచి సున్నాకు వచ్చాయి. ఆమె కంప్యూటర్ ఆపి, గుడ్డ కప్పి, తాళం వేసి, తండా ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున వెంకటేశం ఆమె కంటే ముందు వచ్చి తన తాళంచెవితో గది తెరిచాడు. చీటీ ప్రింటర్‌కు వేలాడుతోంది. ఎవరూ చించలేదు. మొదటి తూకం ఆరేళ్ల కిందటి తేదీ, అరవై. రెండో తూకం నిన్నటి తేదీ, అరవై. సరుకు సున్నా.