పగిలిన టేకు బీడింగ్

శ్రీరాంపూర్‌లో శ్యామల కట్టుకున్న కొత్త ఇంట్లో తలుపుల చుట్టూ సన్నటి టేకు బద్దల బీడింగ్ కొట్టే పని ముసలి వడ్రంగి ఖాసింది. కాంట్రాక్టర్ నిరంజన్ తెచ్చిచ్చిన నెయిల్ గన్ మాత్రం లావు మేకులది.

"గిది బీడింగ్‌కు పనికిరాదు సార్. సన్న పిన్నుల గన్ కావాలె," అని ఖాసిం పొద్దున్నే చెప్పాడు.

"పుట్టీ పెడితే ఏం కనపడదు. కొట్టు," అన్నాడు నిరంజన్.

మధ్యాహ్నానికి ఆరు బద్దలు నిలువునా చీలాయి. శ్యామల చూసి, "గిట్లెట్ల పలిగినయ్?" అని అడిగింది.

"ముసలాయన గదా మేడం, చెయ్యి వణుకుతాంది," అన్నాడు నిరంజన్.

ఖాసింకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల వడ్రంగం పనిలో అతని చేతిని ఎవరూ అంత మాట అనలేదు. గన్ తీసి నిరంజన్ చేతిలో పెట్టాడు. కొత్త బద్ద ఒకటి తలుపు చౌకట్‌కు ఆనించి పట్టుకున్నాడు.

"నీ చెయ్యి వణుకదు గదా. నువ్వే కొట్టు."

నిరంజన్ గన్ కింద పెట్టబోయాడు.

"కొట్టు, నేను గూడ చూస్త," అంది శ్యామల.

అతను కొట్టాడు. బద్ద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చీలింది.

గంటలో సన్న పిన్నుల గన్ వచ్చింది. "నోరు జారిన ఖాసిం భాయ్," అన్నాడు నిరంజన్.

"మేడం ఇంటి పని ఖరాబ్ గానియ్య. గిది అయినంక నీ పనికి మల్ల రాను," అని ఖాసిం చీలిన బద్దలను పీకడం మొదలుపెట్టాడు.