తాళాలాయన నోటుబుక్కు

ఉదయం తొమ్మిదింటికి షట్టరు ఎత్తేసరికే తాళాలాయన దొంగ అయిపోయాడు.

ఆ సంగతి ఆయనకు తప్ప వీధి మొత్తానికి తెలుసు. రోజూ ఆగి పలకరించే పేపరు మనిషి ఆ రోజు సైకిలు దిగలేదు. ముందురోజు నకలు చేయమని తాళంచెవి ఇచ్చిన జిరాక్సు షాపు ఆవిడ వచ్చి, "చేయకపోతే వద్దులెండి, ఇచ్చేయండి" అంది.

"చేసేశానమ్మా, అరగదీయడమే మిగిలింది."

"అయితే రెండూ ఇచ్చేయండి." గుప్పిట్లో బిగించి పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. రోడ్డు దాటాక ఒకసారి గుప్పిట తెరిచి లెక్కపెట్టుకోవడం ఆయన కంటపడింది. ఉన్నవి రెండే. వాటిని లెక్కపెట్టాలా?

అంతలో ఎదురుగా మందుల షాపతను పరుగులాంటి నడకతో వచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఆయన కళ్ళముందు పెరిగినవాడు. తలనొప్పికి ఏం వేసుకోవాలో కూడా ఫోన్లో ఏఐని అడిగి చెబుతాడని ఊరంతా వేళాకోళం చేస్తుంది.

"బాబాయ్, మన వీధి వాట్సాప్ గ్రూపు చూడలేదా?"

"అది చూస్తూ కూర్చుంటే పనెవరు చేస్తారురా?"

"ముందు ఇది వినండి."

ఫోన్లోంచి తాళాలాయన గొంతు వచ్చింది. మాట మొదలెట్టే ముందు ఆయనకు అలవాటైన చిన్న దగ్గు కూడా ఉంది. "మన వీధిలో ఎవరికి కీ చేసినా ఇంకోటి నా దగ్గర పెట్టుకుంటా. ఏ ఇంటివాళ్ళు ఊరెళ్ళారో నువ్వు చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ఆయన మూడుసార్లు విన్నాడు. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఒళ్ళు మండింది. మూడోసారి, ఎప్పుడైనా ఇలా అన్నానా అని తనకే అనుమానం వచ్చింది.

"నేననలేదురా."

"నాకు తెలుసు బాబాయ్. ఇది ఏఐ పని. తాళం రెడీ, వచ్చి పట్టుకెళ్ళండి అని మీరు గ్రూపులో వాయిస్ మెసేజులు పెడతారు చూడండి, అలాంటివి నాలుగు దొరికితే చాలు వాళ్ళకి."

ఆయనకు ఫోన్లో టైపు చేయడం రాదు. నోటితో చెప్పి పంపడమే వచ్చు. ఆ నోరే ఇప్పుడు ఎవరి చేతిలోనో పడింది.

గ్రూపులో అప్పటికి మూడువందల పన్నెండు మెసేజులు. ఇళ్ళున్నవాళ్ళు, ఇదంతా అద్దెకున్నవాళ్ళ నాటకమన్నారు. అద్దెకున్నవాళ్ళు, మీరే ఆయన చేత మా పోర్షన్లకి కీలు చేయించుకుని ఉంటారన్నారు. ఆ క్లిప్పు ఎవడు తయారు చేశాడని మాత్రం ఒక్కరూ అడగలేదు. తర్వాత కూడా ఎవరూ అడగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన దగ్గర ఉన్న ఆస్తి ఒక్కటే. నా ఇంటి తాళం ఈయన చేతికిచ్చి నిశ్చింతగా నిద్రపోవచ్చన్న నమ్మకం. అది పోతే, గోడకు వేలాడే వందల తాళంచెవులూ ఇనపతుక్కే.

పన్నెండింటికి అన్నానికి ఇంటికి వెళ్ళాడు. కంచం ముందు కూర్చోకుండా బీరువా మీద ఉన్న నోటుబుక్కు దించాడు.

వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులు రెండు రోజులు కూర్చోబెట్టారు. అప్పటి నుంచీ ఆ నోటుబుక్కు రాస్తున్నాడు. ఎన్నో నంబరు ఇల్లు, దేని తాళం, ఎన్ని చేశాడు, వచ్చినవాళ్ళెవరు. చేసిన ప్రతి కీకి ఒక గీత, గీత పక్కన తీసుకున్నవాళ్ళ పొట్టి సంతకం. ఆడమనిషి వస్తే సున్నా, మగమనిషి వస్తే చుక్క. అదనపు కీ ఇంకొకరింట్లో దాచుకుంటామంటే ఆ ఇంటి వైపు చిన్న బాణం. అన్నీ పొడి అక్షరాలు, సగం సగం మాటలు.

"దాన్నెందుకు దించారు?" అంది భార్య.

"ఫొటోలు తీసి గ్రూపులో పెడతా. చేసిన కీలెన్నో సంతకాలు అన్ని ఉన్నాయి. ఒక్కటి ఎక్కువ ఉంటే చూపించమను."

"మీకేమైనా మతి పోయిందా? ఇల్లిల్లూ ఉంది అందులో."

"నా రాత ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నావు, నీకే అర్థం కాదు. వాళ్ళకేం అర్థమవుతుందే?"

"అర్థం కానిదాన్ని మరి చూపించడం దేనికి?"

జవాబు లేనప్పుడు మగాళ్ళు చేసే పనే చేశాడు. విననట్టు నటించి, కళ్ళజోడు సర్దుకుని ఫొటోలు తీశాడు. గడిచిన ఆరు నెలలవి, పద్నాలుగు పేజీలు. కింద ఒక వాయిస్ మెసేజు: "ఇదీ నా లెక్క. చూసుకోండి."

ఇరవై నిమిషాలు గ్రూపు చల్లబడింది. ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇంకెవరో, "పెద్దాయన్ని అనవసరంగా అన్నాం" అన్నారు. ఆయన కంచం ముందు కూర్చున్నాడు.

నాలుగో ముద్ద దగ్గర ఫోన్ మోగింది. మందుల షాపతని గొంతులో సంబరం. "బాబాయ్, మీ పేజీలన్నీ ఏఐకి ఇచ్చాను. చిటికెలో తేల్చేసింది. ఒక్క కీ కూడా తేడా లేదట. గ్రూపులో పెట్టేశాను, చూడండి."

చూశాడు. "తాళాలాయన నిర్దోషి" అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద పట్టిక. ఆయన పొడి అక్షరాలను, చుక్కలను, సున్నాలను ఆ యంత్రం ఒక్కొక్కటిగా విప్పి, బడిపిల్లలకు కూడా అర్థమయ్యే తెలుగులో వరసగా పేర్చింది.

ఐదో నంబరు ఇల్లు: పడకగది బీరువా, నకలు ఒకటి, వచ్చినవారు భర్త. ఎనిమిదో నంబరు: అత్తగారి ట్రంకుపెట్టె, నకలు ఒకటి, వచ్చినవారు కోడలు. పద్నాలుగో నంబరు: అద్దె పోర్షన్, నకలు ఒకటి, వచ్చినవారు ఇంటి యజమాని.

ఆయన కంచం పక్కకు జరిపాడు.

ఐదో నంబరు ఆవిడ ముందుగా మాట్లాడింది. మాట కూడా కాదు, భర్త పేరుకు ఎదురుగా ఒక ప్రశ్నార్థకం పెట్టింది. పద్నాలుగో నంబరులో అద్దెకుండేవాళ్ళు మాత్రం మాటలు పొదుపు చేయలేదు. మేం లేనప్పుడు మా ఇంట్లో ఏం వెతికావయ్యా అంటే, నా ఇల్లు నా ఇష్టమన్నాడు ఆ యజమాని. అంతవరకూ గొంతు గురించి ఊహాగానాలతో కొట్టుకున్న రెండు వర్గాల చేతికి ఇప్పుడు రుజువులు వచ్చాయి.

ఎనిమిదో నంబరు అత్తగారు, పాపం ఆ కోడల్ని, పదిమంది ముందే గ్రూపులో కడిగేస్తోంది. ఆ పిల్ల, "నేను కాదత్తయ్యా" అని నాలుగుసార్లు పెట్టింది. నిజంగానే ఆ పిల్ల కాదు. యంత్రం అక్కడ చుక్కని సున్నా అనుకుంది.

తాళాలాయన మనసు ఆగలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మా, ఎనిమిదో నంబరులో కోడలు కాదండీ. ఆ అమ్మాయికేం సంబంధం లేదు. వచ్చింది మీ అబ్బాయి. అదొక్కటే తప్పు పడింది."

భార్య గరిటె కింద పెట్టింది. "అదొక్కటే తప్పన్నారా?"

"అవును. పాపం ఆ పిల్ల..."

"అంటే మిగతావన్నీ నిజమేనని మీ నోటితోనే చెప్పారు."

పొద్దున గొంతు దొంగది. ఇది అసలుది. దీన్ని ఎవరూ అనుమానించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, ఇరవై రెండో నంబరు. పట్టికను కిందికి తోశాడు. చివరి నుంచి రెండో వరస: "ఇరవై రెండు. వీధి తలుపు తాళం మార్చారు. అదనపు కీ ఒకటి, పదిహేడో నంబరు మేడమీద టీచరుగారింట్లో." చిన్న బాణం గుర్తును యంత్రం తప్పు చదవలేదు.

ఇరవై రెండులో ఉండేది బట్టలు కుట్టుకునే అమ్మాయి. నాలుగు నెలల కింద వాచిన మణికట్టుతో షాపుకొచ్చి, "అన్నయ్యా, తాళం మార్చాలి. ఆయనకు తెలియకూడదు" అంది. ఆయన ఇంకేమీ అడగలేదు. "నా నోరు దాటదమ్మా" అన్నాడు. ఆ మొగుడు అప్పటి నుంచి బయటే ఉంటున్నాడు. కానీ గ్రూపులో అతని నంబరు అలాగే ఉంది. తీసేస్తే ఏం బాగుంటుందని ఎవరూ తీయలేదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మందుల షాపతనికి చేశాడు.

"ఒరేయ్, అది తీసెయ్."

"ఇప్పుడే తీసేశాను బాబాయ్. కానీ అప్పటికే ఫార్వర్డులు వెళ్ళిపోయాయి. అవి నా చేతిలో లేవు."

కంచంలోనే చేయి కడుక్కుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. పదిహేడో నంబరు గుమ్మంలోనే టీచరుగారి తల్లి ఎదురైంది.

"మీరు చెప్పే పంపించారటగా బాబూ? కుట్టుపనమ్మాయి భర్త వచ్చాడు. 'మా ఆవిడ తెమ్మందండీ, చూడండి' అని ఫోన్లో రాసింది కూడా చూపించాడు. మా ఇంటి నంబరు, కీ సంగతి అంతా ఉంది అందులో. ఇచ్చేశాను."

ఆయన వెనక్కి తిరిగి ఇరవై రెండు వైపు నడిచాడు. ఆ ముసలావిడను ఏమనగలడు?

ఇరవై రెండో నంబరు తలుపుకు గుప్పెడంత కొత్త తాళంకప్ప వేలాడుతోంది. మొగుడు మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అంతలోనే ఆ అమ్మాయి బజారు నుంచి లైనింగు గుడ్డల సంచీతో వచ్చింది. కప్పను చూసింది, మొగుడిని చూసింది, సంచీ కింద పెట్టింది.

"లోపల నా మిషనుంది. వాళ్ళవీ వీళ్ళవీ కుట్టాల్సిన బట్టలున్నాయి. తాళం తియ్."

"అద్దె కాగితం నా పేరున ఉంది. నా ఇంటికి నేను తాళం వేసుకున్నా. నువ్వేసుకుంటే న్యాయం, నేనేసుకుంటే అన్యాయమా?"

"అద్దె కట్టేది నేను."

"కాగితం మీద నీ పేరుందా?"

జనం చేరారు. చేరినవాళ్ళు చేరినట్టే ఫోన్లు పైకెత్తారు. ఒక్కరూ మధ్యలోకి రాలేదు.

ఆ అమ్మాయి తాళాలాయన వైపు తిరిగింది. "తీయండి అన్నయ్యా."

ఇద్దరి మధ్య తగువున్న తలుపు మీద ఆయన ఎన్నడూ చేయి వేయలేదు. ఇంట్లో ఉండేవాళ్ళు అడగాలి, పక్కింటివాళ్ళు సరేననాలి, ఎవరూ కాదనకూడదు. అదే ఆయన పద్ధతి. ఇక్కడ కాదనేవాడు ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నమే ఆయన నిర్దోషి అని తేలింది. ఇప్పుడు సంచీ భుజం మీంచి దించితే చాలు, అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ పదిహేను ఫోన్లూ అది చూస్తున్నాయి.

"పోలీసులకు చెబుదామమ్మా," అన్నాడు మెల్లగా.

"వాళ్ళొచ్చేలోపు మిషను అమ్మేసుకుంటాడు. పోయినసారి నా గొలుసు అలాగే పోయింది." గొంతు తగ్గించింది. "ఆ కీ ఎక్కడుందో ముగ్గురికే తెలుసన్నయ్యా. నేను చెప్పలేదు. టీచరుగారు చెప్పలేదు."

ఆయన సంచీ దించాడు.

మొగుడు లేచి నిలబడ్డాడు. అడ్డం వస్తాడనుకున్నారంతా. రాలేదు. ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు. "చూడండి, పట్టపగలు నా ఇంటి తాళం తీస్తున్నాడు. నేను వద్దంటున్నా వినడం లేదు. పొద్దున విన్నారుగా వీడి మాటలు. ఇప్పుడు చేతలు చూడండి."

కొక్కెం తీగ కప్పలోకి వెళ్ళింది. మొదటిసారి జారింది. రెండో ప్రయత్నంలో కప్ప నోరు తెరిచింది.

జనంలోంచి వచ్చి మందుల షాపతను మిషను ఒక వైపు పట్టాడు, తాళాలాయన రెండో వైపు. సామాన్ల బండి వచ్చింది. మిషను, బట్టల మూటలు, సర్టిఫికెట్ల సంచీ, ఒక పరుపు. అరగంటలో అయిపోయింది. ఆ అమ్మాయి బండి ముందు సీటులో కూర్చుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ఆయన.

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. కోపం లేదు. "చెప్పనన్నయ్యా," అంది.

బండి వెళ్ళిపోయింది.

వీడియో వీధి దాటింది, ఊరు దాటింది. తాళం తీస్తున్న చేతుల కింద పొద్దుటి గొంతును ఎవడో అతికించాడు. పోలీసులు పిలిచి అడిగారు. ఆ అమ్మాయి ఎక్కడి నుంచో రాసిచ్చిన కాగితం చూసి పంపించేశారు. ఆ కాగితాన్ని గ్రూపులో పెడదామని మందుల షాపతను అంటే, తాళాలాయన భార్య మొదటిసారి అతని మీద అరిచింది. "ఆ కాగితంలో ఆ పిల్ల అడ్రసుంది. ఇంకా బుద్ధి రాలేదా నాయనా?"

వీధిలో మాత్రం ఎవరూ షాపు మెట్లెక్కలేదు. ఐదో నంబరు ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. పద్నాలుగులో అద్దెవాళ్ళు ఖాళీ చేశారు. ఇళ్ళకు అంకెలు నొక్కే కొత్త తాళాలు బిగించుకుంటున్నారు. కొడుకు పేరు బయటపెట్టినందుకు ఎనిమిదో నంబరు అత్తగారు దారిలో కనిపిస్తే మొహం తిప్పేసుకుంటోంది. కోడలూ అంతే.

ఐదో రోజున ఒక బేరం వచ్చింది. తెలియని మనిషి. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట.

"తాళాలు తీసే ఆయన మీరేనా? వీడియోలో చూశాను. మంచి చేయి మీది."

"ఏం కావాలండీ?"

"మా ఆవిడది ఒక చిన్న పెట్టె ఉంది. కీ ఎక్కడ పెట్టుకుంటుందో దొరకడం లేదు. తను ఆఫీసుకెళ్ళాక ఒకసారి వచ్చి తీస్తే..."

"ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే మీ దాకా ఎందుకొస్తానండీ?" ఆ మనిషి స్నేహంగా నవ్వాడు.

"నేను అలాంటివి చేయనండీ."

"అదేంటి, ఆ రోజు చేశారుగా. ఆయన వద్దంటున్నా వినలేదు."

"అది ఆ అమ్మాయి ఇల్లండీ."

"ఏమోనండీ. వీడియోలో నాకలా కనపడలేదు." ఆ మనిషి ఎక్కువ ఇస్తానన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపితే, నొచ్చుకున్నట్టు మొహం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రంలోగా అలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు వచ్చారు.