మెయ్ ఆంటీ ఫ్లాస్కు

మిరియాలు దంచుతుంటే దగ్గు ఆగలేదు. లలితకుమారి రోకలి పక్కన పెట్టి, స్వెట్టర్ చేతిని నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, మళ్ళీ దంచింది. పొయ్యి మీద చారుకి చింతపండు పులుసు మరుగుతోంది. కిటికీ అవతల లూకన్ ఊరు ఇంకా చీకట్లోనే ఉంది. జనవరిలో ఇక్కడ సూర్యుడు కూడా డ్యూటీకి ఆలస్యంగానే వస్తాడు. ఆ భాగ్యం తనకి లేదు.

ఇవాళ ఏమైనా సరే పక్కింటి మెయ్ ఆంటీకి ఆవిడ ఫ్లాస్కు ఇచ్చెయ్యాలి. ఎర్ర పువ్వుల ఫ్లాస్కు, మూత అంచున చిన్న సొట్ట. క్రిస్మస్ ముందు ఈ దగ్గు చూడలేకే ఆవిడ ఇచ్చింది. లోపల అల్లం, ఎండు రేగుపళ్ళు, ఎర్ర చక్కెర వేసి కాచిన కషాయం. చైనా మందు ఎలా ఉంటుందోనని భయపడుతూనే ఒక గుక్క వేస్తే, చిన్నప్పటి రేగువడియాల రుచి తగిలింది. సింకు దగ్గరే నిలబడి మొత్తం తాగేసింది. కిందటి చలికాలం జ్వరమొచ్చినప్పుడు కూడా ఆవిడే అల్లం వేసిన గంజి తెచ్చింది. గంజి తాగాల్సిన కరువేమొచ్చిందమ్మా అని మొహం చిట్లించిన లలితే, ఆనక గిన్నె అడుగు గీకింది.

ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు గుప్పెడు. అయినా లలిత తడి తలతో బయటికొస్తే చాలు, మెయ్ ఆంటీ గుమ్మంలోంచే గదిమేది. "కోల్డ్! నో గుడ్! హాట్ వాటర్!" అచ్చం అమ్మే. ఏది ఒంటికి వేడి చేస్తుందో, ఏది చలవ చేస్తుందో ఇద్దరూ వేళ్ళతో చూపించుకుని నవ్వుకునేవాళ్ళు.

ఫ్లాస్కు కడిగి బోర్లించి వారాలైంది. ఏదో ఒకటి వండి నింపి ఇద్దామనుకోవడం, ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్ లాండ్రీలో దుప్పట్లు మడిచి మడిచి ఒళ్ళు హూనమై సోఫాలో కూలబడడం. రేపిద్దాంలే, రేపిద్దాంలే. నిన్న కూతురు లోహిత విసుక్కుంది కూడా.

"మామ్, ఖాళీగానే ఇచ్చెయ్. ఇట్స్ గ్రాండ్, ఏం కాదు."

"ఒకళ్ళ గిన్నె ఖాళీగా తిరిగిస్తారటే ఎవరైనా? పెద్దావిడ ఏమనుకుంటుంది?"

చారు పోసి, మూత బిగించి, వెళ్ళి పక్కింటి బెల్లు కొట్టింది. లోపల లైటు లేదు. పడుకున్నట్టున్నారు. బస్సు వేళైంది. గుమ్మంలో వదిలేసి పోవడానికి మనసొప్పలేదు, చేతికే ఇవ్వాలి. ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని పరిగెత్తింది.

లాండ్రీలో డ్రయ్యర్ల వేడి, తలుపు తీస్తే కోసే గాలి. సబ్బునీళ్ళకు పగిలిన వేళ్ళతో, కార్డిగన్ల మెడ దగ్గర కుట్టిన పేర్లు చూసి ఎవరి బట్టలు వాళ్ళకి దొంతర పెట్టడం ఆమె పని. ఒక్కోసారి ఒక దొంతర అలాగే ఉండిపోతుంది. తర్వాత ఆ గదికి కొత్త పేరు వస్తుంది. ఏమైందని అడగడం ఎప్పుడో మానేసింది.

టీ వేళ, కేర్ అసిస్టెంటుగా చేసే గుంటూరు తోమా ఆమె సంచిలోకి తొంగి చూశాడు.

"చారు వాసనొస్తోందక్కా. ఆ దగ్గేంటి, కాస్త తాగొచ్చుగా?"

"నాది కాదు తోమా. పక్కింటావిడకి ఇవ్వాలి."

"ఒక్క కప్పు తాగితే ఏమవుద్ది?"

"ఎంగిలవుద్ది."

వేడినీళ్ళు తాగి మళ్ళీ దుప్పట్ల దగ్గరికి పోయింది.

సాయంత్రం బస్సు దిగి, సొంత గుమ్మం దాటి ముందుకే నడిచింది. పక్కింట్లో ఇప్పుడు లైటుంది. మెయ్ ఆంటీ కూతురు లిన్ తలుపు తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక అంబులెన్స్ వచ్చిందట. గుండె. హాస్పిటల్ చేరేలోపే అమ్మ పోయిందట. లిన్ ఇంగ్లీషులో చెబుతుంటే లలితకి ఒక్కో మాటా ఆలస్యంగా ఎక్కింది. సంచిలోంచి ఫ్లాస్కు తీసి చాపింది.

"సారీ. లేటయింది."

లిన్ ఫ్లాస్కు వంక చూసింది కానీ అందుకోలేదు.

"మొన్న చలేస్తోందని అమ్మ దీనికోసం వెతికింది. నేను అడిగి తెస్తానన్నాను. వద్దంది. ఇంకా తిరిగివ్వలేదంటే ఆ అమ్మాయికి దగ్గు తగ్గలేదన్నమాట, ఉండనీ అంది." లిన్ ముక్కు తుడుచుకుంది. "మీరే ఉంచుకోండి."

ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా లలిత కుర్చీలో కూలబడింది. ఖాళీగా ఇస్తే ఏం పోయేది? పెద్ద మర్యాద వెలగబెట్టాను, ఛీ, అనుకుంది. సిగ్గుతో ఏడుపొచ్చింది, ఏడుపుతో దగ్గొచ్చింది. లోహిత పరిగెత్తుకొచ్చి వీపు రాసింది. అమ్మ ఎందుకేడుస్తోందో తెలియక, తాగిద్దామని చేతికందిన ఫ్లాస్కు మూత తీసింది.

సొట్టపడిన మూత బల్ల మీద ఉంది, పక్కన ఎర్ర పువ్వుల ఫ్లాస్కులో పొద్దున పోసిన చారు ఇంకా పొగలు కక్కుతోంది.